‘అమ్మగారు’ ఎవరు? – 2 యోహాను 1వ వచనములోని ఒక పిలుపుపై విమర్శనాత్మక పరిశీలన

క్రొత్త నిబంధనలోని అతి చిన్న పత్రికలలో యోహాను వ్రాసిన రెండవ పత్రిక ఒకటి. ఇందులో ఉన్నవి 13 వచనములు మాత్రమే. మన ప్రసంగ వేదికలపై ఈ పత్రిక తరచుగా వినబడదు. వినబడినప్పుడు కూడా దుర్బోధకులను ఇంట చేర్చుకొనవద్దను హెచ్చరిక ఉన్న భాగమునే మనము వింటాము. మొదటి వచనములో పెద్ద ఎవరికి ఈ పత్రికను వ్రాయుచున్నాడో, ఆ పిలుపు దగ్గర ఆగి ఆలోచించువారు తక్కువ. మన పరిశుద్ధ గ్రంథపు పాత అనువాదము అచ్చట ఉంచిన మాట ‘అమ్మగారు’.

బౌరంపేట్ చుట్టుప్రక్కల గండిమైసమ్మ, దుండిగల్, మేడ్చల్ వైపు సంఘములలో పనిచేయుచున్న కొందరు యౌవన సేవకులతో కలిసి ఈ వచనము చదివినప్పుడు, “అమ్మగారు అనగా ఎవరు?” అని అడిగాను. ఆలోచించవలసిన అవసరము లేకుండానే “పాస్టర్ గారి భార్య” అన్నారు. “అయితే ఈ అమ్మగారికి అయ్యగారు ఎవరు?” అని అడిగితే నవ్వి ఊరుకున్నారు. పత్రికలో ఆమె పిల్లలు ఉన్నారు, సహోదరి ఉన్నది, ఇల్లు ఉన్నది. భర్త ప్రస్తావన మాత్రము ఎక్కడా లేదు.

ఆ నవ్వు దగ్గరనే ఈ వ్యాసము ఆరంభమైనది. మన సంఘములలో స్త్రీకి ఇచ్చు అత్యంత గౌరవప్రదమైన పిలుపు నేడు ఆమె భర్త ఉద్యోగమునుబట్టి వచ్చుచున్నది. వాక్యములో అదే పిలుపు పొందిన ఆమెకు అది ఆ విధముగా వచ్చినట్లు కనబడదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరము ఎట్లు ఏర్పడినదో, దానివలన సంఘ పరిచర్యకు కలుగు నష్టమేమిటో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మూలభాషలోని మాట

గ్రీకు మూలములో ఇక్కడ ఉన్న మాట ‘కురియ’. ఇది ‘కురియోస్’ అను మాటకు స్త్రీలింగ రూపము. కురియోస్ అనగా ప్రభువు, యజమానుడు. యేసును ప్రభువని ఒప్పుకొనుటకు ఆది సంఘము వాడిన మాట అదే. కాబట్టి కురియ అనగా అధికారము గల స్త్రీ, యజమానురాలు, ఇంటిని ఏలు ఆమె. పాత నిబంధన గ్రీకు అనువాదమైన సెప్టువజింతులో ఆదికాండము 16వ అధ్యాయమున హాగరుకు శారయి ఏమగునో చెప్పుటకు ఈ మాటనే వాడారు. తెలుగులో అక్కడ ‘యజమానురాలు’ అని చదువుచున్నాము. అదే వాక్యభాగములో శారయి యజమానురాలు కాగా, హాగరు ‘అది’ అను సర్వనామముతో నిలిచినది. ఒక స్త్రీ బిరుదు మరియొక స్త్రీ తక్కువతనముపై నిలబడుట ఎంత సులభమో ఇక్కడనే గమనించవలెను.

క్రొత్త నిబంధన కాలమునకు ఈ మాట కొంత మెత్తబడినది. ఐగుప్తులో దొరికిన పాపిరస్ ఉత్తరములలో కుమారులు తల్లులను, సహోదరులు సహోదరీలను మర్యాదగా కురియ అని సంబోధించుట కనబడుతుంది. స్తోయికుడైన ఎపిక్తేతు మరియొక సంగతి చెప్పాడు. ఆడపిల్లలకు పదునాలుగు సంవత్సరములు రాగానే పురుషులు వారిని ఈ మాటతో పిలువ మొదలుపెట్టుదురని, దానితో వారు అలంకారముపైనే మనస్సు పెట్టుదురని అతని బోధ. అనగా ఇంటిని ఏలు ఆమెకు చెందిన బిరుదు, పురుషుని ముఖస్తుతికి కూడా పనికివచ్చు మాటగా మారినది. బిరుదులకు ఈ జారుడు స్వభావము ఉన్నదని మరువరాదు.

ఇక 2 యోహానులోని కురియ ఎవరు? వ్యాఖ్యానకర్తలలో ముఖ్యముగా రెండు అభిప్రాయములు ఉన్నవి. అలెక్సంద్రియ క్లెమెంతు వంటి ప్రాచీనులు ఆమె ఒక వ్యక్తి అనుకొన్నారు. ‘ఎలెక్త’, అనగా ఏర్పరచబడినది, అనునది ఆమె పేరే అని క్లెమెంతు గ్రహింపు. నేటి పండితులలో ఎక్కువమంది ఆమె ఒక స్థానిక సంఘమునకు గుర్తు అంటారు. ఈ రెండవ అభిప్రాయమునకు బలమున్నది. 4, 5, 13 వచనములలో ‘నీవు’ అను ఏకవచనము ఉండగా, 6, 8, 10, 12 వచనములలో ‘మీరు’ అను బహువచనము వచ్చును. మూడవ పత్రికలో గాయు పేరు స్పష్టముగా ఉన్నట్లు ఇక్కడ పేరు లేదు. చివరి వచనములో శుభములు చెప్పునది కూడా ఏర్పరచబడిన సహోదరి యొక్క పిల్లలే.

నేను రెండవ అభిప్రాయమునకే మొగ్గుచున్నాను. అయితే దానివలన మన ప్రశ్న తీరిపోదు. ఆమె వ్యక్తి అయితే, ఒక స్త్రీ తన ఇంటిలో కూడుకొను విశ్వాసులకు బాధ్యురాలై, ఎవరిని చేర్చుకొనవలెనో ఎవరిని చేర్చుకొనకూడదో నిర్ణయించు స్థానములో ఉన్నది. ఆమె సంఘమే అయితే, ప్రభువుకు చెందిన బిరుదు యొక్క స్త్రీలింగ రూపమును సంఘము అంతటికి ఇచ్చుటకు అపొస్తలుల తరము వెనుదీయలేదు. రెండు విధములుగాను ఆ పిలుపు భర్తనుబట్టి వచ్చినది కాదు.

మన భాషలో కురియకు సరియైన మాట

కురియోస్‌కు కురియ ఎట్లో, మన భాషలో ‘స్వామి’కి ‘స్వామిని’ అట్లు. స్వామిని అను సంస్కృత పదము తెలుగు నోట అరిగి ‘సాని’ అయినదని నిఘంటుకారులు చెప్పుదురు. కాబట్టి పుట్టుకనుబట్టి చూచినయెడల కురియకు అతి దగ్గర తెలుగు మాట ‘సాని’. ఈ వాక్యము చదువగానే పాఠకునికి కొంత ఇబ్బంది కలుగవచ్చును. అయితే ఆ ఇబ్బందికి ఒక చరిత్ర ఉన్నది. దానిని తెలిసికొనుట మనకు మేలు.

ఓరుగల్లు ప్రాంతపు గూడూరు శాసనము విరియాల వంశపు ఎఱ్ఱ భార్యయైన కామసానిని గూర్చి చెప్పుచున్నది. కాకతి బేతడు బాలుడైయుండగా చాళుక్య చక్రవర్తి అనుగ్రహము సంపాదించి, అతనిని అనుమకొండలో నిలబెట్టినది ఆమెయే. తరువాత తెలుగు దేశమును ఏలిన కాకతీయుల రాజ్యమునకు పునాది వేసినవారిలో ఒక స్త్రీ ఉన్నది, ఆమె పేరు చివర ‘సాని’ ఉన్నది. ఆ కాలమున అది దొరల ఇంటి ఆడవారి గౌరవము. ఆలయ శాసనములలోను సానులు కనబడుదురు. దేవుని గుడికి దీపములు, ఆవులు, ధనము దానము చేసి తమ పేరులు రాతిపై చెక్కించుకొన్న స్త్రీలు వారు.

తరువాతి శతాబ్దములలో ఆలయములకు ఆదాయములు తగ్గి, వాటిని ఆధారము చేసికొన్న స్త్రీలు జమీందారుల, ధనికుల ప్రాపకముపై బ్రదుకవలసి వచ్చినది. దానితో మాట కూడా దిగజారినది. 19వ శతాబ్దము చివరకు వచ్చుసరికి కందుకూరి వీరేశలింగము గారు భోగము మేళములను వ్యతిరేకించి ఉద్యమించారు. 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన గురజాడ వారి ‘కన్యాశుల్కము’లో సాని అను మాట వేశ్యకు పేరుగానే వినబడుతుంది. 1947లో మద్రాసు రాష్ట్రములోను, 1988లో ఆంధ్రప్రదేశ్‌లోను స్త్రీలను దేవతలకు అంకితము చేయుటను నిషేధించు చట్టములు వచ్చినవి. ఆచారము నేరమైనది, అది న్యాయమే. అయితే కామసాని పేరులోని గౌరవము మాత్రము తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక సంగతిపై మన దృష్టి నిలుపవలెను. సాని దిగజారినది గాని స్వామి దిగజారలేదు. సానుల యిండ్లకు వెళ్లిన పురుషుల బిరుదులు చెక్కుచెదరలేదు. మన తెలంగాణములో ‘జోగిని’ కథ కూడా ఇదియే. యోగి నేటికిని యోగియే. యోగిని అను మాటనుండి వచ్చిన జోగిని మాత్రము ఊరి పురుషులకు ఉమ్మడి సొత్తుగా చేయబడిన దళిత బాలికకు పేరైనది. ఆంగ్ల భాషలో ‘మాస్టర్’కు స్త్రీలింగమైన ‘మిస్ట్రెస్’ కూడా ఉంపుడుకత్తెకు పేరుగా మారుట మనకు తెలిసినదే. జంటగా పుట్టిన రెండు మాటలలో స్త్రీకి చెందినదే పడిపోవుచున్నదంటే తప్పు మాటలో లేదు. ఆ మాటను మోసిన స్త్రీలకు సమాజము చేసిన దానిలో ఉన్నది.

1980వ దశకములో నిజామాబాదు జిల్లాలో జోగినీల మధ్య పనిచేసిన హేమలతా లవణం గారు వారికి ఏర్పరచిన ఆశ్రయమునకు ‘చెల్లి నిలయం’ అని పేరుపెట్టారు. ఆమె కవి గుఱ్ఱం జాషువ గారి కుమార్తె, నాస్తికోద్యమకారుడు గోరా గారి కోడలు. చట్టము ఆ స్త్రీలను ఆచారమునుండి విడిపించినది. ఆ ఇంటి పేరు వారిని ఆ పిలుపునుండి కూడా విడిపింపజూచినది. పిలుపు మార్చుట కూడా విడుదలలో భాగమని సంఘమునకు వెలుపలివారు గ్రహించారు.

దొరసాని నుండి అమ్మగారి వరకు

సాని అను మాట గౌరవముతో మిగిలినది రెండు సమాసములలోనే. ఒకటి మంత్రసాని, దానిని గూర్చి చివర చెప్పుదును. రెండవది దొరసాని. తెలంగాణ గ్రామములలో గడీలో ఉండు దొర భార్య దొరసాని. వెట్టి చేయు స్త్రీలకు ఆ పిలుపులో గౌరవముకంటె భయమే ఎక్కువ. మిషనెరీలు వచ్చినప్పుడు తెల్లవారి స్త్రీలకు కూడా ప్రజలు ఇదే పిలుపు ఇచ్చారు. బడి పెట్టినను, మందు ఇచ్చినను, ఆమె దొరసానియే. సువార్త తెచ్చినవారిపై ఏలుబడి చేయువారి బిరుదు పడినది.

ఈ నేపథ్యములో చూచినయెడల, 2 యోహానును తెనిగించినవారు సానిని గాని దొరసానిని గాని తీసికొనక ‘అమ్మగారు’ అనుట వివేకముగల పని. వారికి మన కృతజ్ఞత చెందవలెను. వారు అంతటితో ఆగలేదు. సువార్తలలో యేసు స్త్రీలతో మాటలాడునప్పుడు గ్రీకులో ఉన్నది ‘స్త్రీ’ అను సంబోధన. తెలుగులో దానిని అట్లే ఉంచితే మొరటుగా ఉండును. అందుచేత ‘అమ్మా’ అన్నారు. సమరయ స్త్రీతోను, కనాను స్త్రీతోను, పద్దెనిమిది ఏండ్లు నడుము వంగియున్న ఆమెతోను, వ్యభిచారమందు పట్టబడిన ఆమెతోను, సమాధియొద్ద ఏడ్చుచున్న మరియతోను తెలుగు యేసు అదే మాటతో మాటలాడుచున్నాడు. కానాలోను సిలువయొద్దను తన తల్లితో వాడిన సంబోధనకు కూడా ‘అమ్మా’ అనుటవలన గ్రీకులోని వింతదనము పోయిన మాట నిజమే. అయినను లాభమే ఎక్కువ. అయిదుగురు పెనిమిట్లు గల ఆమెకు ఆ పిలుపు ఏ పెనిమిటినిబట్టియు రాలేదు. ఆమె ఎదుట నిలిచిన ప్రభువునుబట్టి వచ్చినది.

మన సంఘముల చరిత్రలో ఈ పిలుపు చేసిన మేలు చిన్నది కాదు. మన పల్లెలలో దళిత స్త్రీల పేరులు పై కులములవారి నోట ఎల్లి, పోలి, మల్లి అని కురచగా పలుకబడేవి. పేరు చివర ‘అమ్మ’ అని పలుకుటకు కూడా వారికి మనసొప్పేది కాదు. బాప్తిస్మముతో వారు మరియమ్మ, సారమ్మ, ఎస్తేరమ్మ అయ్యారు. వారిలో ఒకామె ప్రార్థన నడిపించు ఇంటి ఇల్లాలై ‘అమ్మగారు’ అని పిలువబడినప్పుడు, జబ్బుపడిన బిడ్డను ఎత్తుకొని ప్రార్థనకు వచ్చిన పై కులపు ఇల్లాలు కూడా ఆమెను ‘అమ్మగారూ’ అని పిలువవలసి వచ్చినది. ఇంతకుముందు పనిమనిషి యజమానురాలిని పిలిచిన పిలుపు అది. ఇది సువార్త చేసిన తలక్రిందుల పని. ఆ బిరుదును తీసివేయుడని నేను వ్రాయుటలేదు.

నష్టము ఎక్కడ ఉన్నది?

నష్టము ఆ పిలుపును ఒక పురుషుని పదవికి కట్టివేయుటలో ఉన్నది. దీని ఫలితములు పాఠకులు ఎరిగినవే. అయ్యగారు బ్రదికియున్నంతవరకు స్త్రీల కూడిక నడిపి, ఆదివార పాఠశాల నడిపి, రోగులను దర్శించి, వచ్చినవారందరికి అన్నము వండిపెట్టినది అమ్మగారే. అయ్యగారు ప్రభువునందు నిద్రించిన తరువాత క్రొత్త అయ్యగారితో క్రొత్త అమ్మగారు వచ్చును. పాత అమ్మగారు ఒక విధవరాలు. ఆమె చేసినది పరిచర్య అయితే ఆ పరిచర్య భర్తతో సమాధి కాకూడదు గదా!

మరియొక వైపు, మన సెమినరీలలో పురుషులతో సమానముగా హెబ్రీ, గ్రీకు నేర్చి, పట్టము పొంది వెళ్లిన అవివాహిత ఉన్నది. ఆమెతో చదివినవాడు మొదటి ఆదివారము నుండే ‘అయ్యగారు’. ఆమె మాత్రము ‘సిస్టర్’. ఆమెను అమ్మగారు అనుటకు సంఘమునకు నోరు రాదు. ఆమెకు అయ్యగారు లేడు గదా!

ఇది భాష తెచ్చిన కట్టడి కాదు. మన భాషకు ఇంతకంటె విశాలత ఉన్నది. పంతులు భార్యను పంతులమ్మ అనుట ఉన్నది. ఆడవారు బడులలో చదువు చెప్ప మొదలుపెట్టిన తరువాత పంతులమ్మ అనగా బోధించు ఆమె అయినది. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనెరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ వంటివారు వైద్యము చేసిన నాటినుండి, డాక్టరమ్మ అనగా ఏ డాక్టరుకో భార్య అని ఎవరూ అనుకొనరు. కుగ్లర్ గారు అవివాహితయే. పని కనబడినప్పుడు మాట తనంతట తానే భర్తను వదలి పనిని పట్టుకొన్నది. ‘పాస్టరమ్మ’ అను మాట మాత్రము ఈ ప్రయాణము చేయలేదు. నేటికిని మనము ఆ మాట వినగానే ముందుగా భార్యనే తలంచుదుము. చేయుచున్న పనిని సంఘము పనిగా ఒప్పుకొనలేదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

స్త్రీకి పురుషుని బిరుదు ఇచ్చుట ఒక దారి. కాకతీయ రుద్రమదేవి శాసనములలో ‘రుద్రదేవ మహారాజు’. ఏలుటకు ఆమె మహారాజు కావలసివచ్చినది. 2013 సెప్టెంబరులో పుష్పలలిత గారు నంద్యాల డయోసిస్‌కు బిషప్పుగా అభిషేకింపబడి, దక్షిణ ఇండియా సంఘములో మొదటి స్త్రీ బిషప్పు అయ్యారు. అక్కడ మాట మార్చనక్కరలేకపోయినది, పదవియే పిలుపైనది. ఇది మంచి మార్గమే. అయితే మన స్త్రీలలో వెయ్యిమందికి ఒకరు కూడా బిషప్పు కారు. మిగిలినవారి పరిచర్యకు పేరు కావలెను.

వాక్యమును తెనిగించుటలో కూడా ఈ బలహీనత కొంత కనబడును. రోమా 16:2లో ఫీబేను గూర్చి పౌలు వాడిన మాట ‘ప్రొస్తాతిస్’. పోషకురాలు, అండగా ముందు నిలుచు ఆమె అని దాని భావము. తెలుగులో అది ‘సహాయురాలు’ అయినది. దానికి దగ్గర బంధువైన క్రియాపదము రోమా 12:8లో వచ్చినప్పుడు ‘పైవిచారణ చేయువాడు’ అని చదువుచున్నాము. ఒకే కుటుంబపు మాటలు పురుషునికి పైవిచారణ, స్త్రీకి సహాయము అయినవి. మొదటి వచనములో ఆమెను ‘పరిచారకురాలు’ అని సరిగా తెనిగించినవారే రెండవ వచనములో తగ్గించారు. ప్రసంగించువారు ఈ తేడాను సంఘమునకు చెప్పవలసియున్నది.

రెండు ఆక్షేపణలు

మొదటిది: మత్తయి 23వ అధ్యాయములో బోధకుడనియు తండ్రి అనియు పిలువబడవద్దని ప్రభువే చెప్పగా, బిరుదులను గూర్చి ఇంత చర్చ ఏల? ఈ ఆక్షేపణ న్యాయమైనది. అయితే ఆ మాట ప్రభువు చెప్పినది బిరుదులు లేని స్త్రీలతో కాదు, బిరుదులు కోరు పురుషులను గూర్చి. మనము దానిని అక్షరార్థముగా పాటింపదలచితే మొదట ‘అయ్యగారు’ను, పేరుకు ముందు చేర్చుకొను ‘రెవరెండ్’ను, ‘డాక్టర్’ను విడిచిపెట్టుదము. అవి ఉంచుకొని, స్త్రీ పిలుపును గూర్చి ప్రశ్నించినప్పుడు మాత్రము మత్తయి 23ను తెరచుట సరికాదు.

రెండవది: అమ్మగారు అనునది పదవి కాదు, తల్లితనము, దానిని అధికారపు చర్చలోనికి లాగరాదు. ఇందులోను సత్యమున్నది. రూఫు తల్లి తనకును తల్లియని పౌలు రోమా 16:13లో వ్రాశాడు. అయితే ఆ తల్లితనము పౌలు ఎడల ఆమె చేసిన దానినుబట్టి వచ్చినది. ఆమె భర్త పేరు కూడా అచ్చట లేదు. తల్లితనమే ఆధారమైతే అయ్యగారు పోయిన తరువాత కూడా అమ్మగారు అమ్మగారే కావలెను. పెండ్లికాని పరిచారకురాలు కూడా ఆత్మీయ సంతానము గలదైతే అమ్మగారే కావలెను.

ముగింపు

కాబట్టి క్రొత్త మాట కనుగొనుట మన పని కాదు. ఉన్న మాటను దాని యజమానురాలికి తిరిగి ఇచ్చుటయే. సంఘ పెద్దలు, పాస్టర్లు ఆరంభించుటకు మూడు చిన్న సంగతులు చాలును. విధవరాలైన సేవకురాలిని బహిరంగముగా అదే పిలుపుతో పిలిచి, ఆమె చేయుచున్న పనిని కొనసాగనిచ్చుట. సెమినరీ ముగించి వచ్చిన అవివాహితకు ఆమె పనినిబట్టి పాస్టర్ అనియో, ఉపదేశకురాలు అనియో సంఘము ఎదుట పేరుపెట్టుట. అయ్యగారి భార్య తన స్వంత ఉద్యోగముతో జీవించగోరినయెడల, ఆ పిలుపు బరువును ఆమెపై బలవంతముగా మోపకుండుట. ఈ మూడవది కూడా మొదటి రెంటివలె ముఖ్యమే. భర్తనుబట్టి వచ్చిన గౌరవము భర్తనుబట్టి వచ్చిన వెట్టి కూడా కాగలదు.

మంత్రసానిని గూర్చి చివర చెప్పెదనంటిని. దిగజారిన ‘సాని’ మన తెలుగు పరిశుద్ధ గ్రంథములో ఇంకను బ్రదికియున్న చోటు ఒకటి ఉన్నది. నిర్గమకాండము 1వ అధ్యాయములో షిఫ్రా, పూయా అను ఇద్దరు స్త్రీలు ఫరో ఆజ్ఞను మీరి హెబ్రీయుల మగపిల్లలను బ్రదుకనిచ్చారు. ఆ అధ్యాయములో ఫరో పేరు లేదు, వీరి పేరులు ఉన్నవి. వీరి భర్తల ప్రస్తావన లేదు, వీరి పని ఉన్నది. తెలుగు గ్రంథము వారికి ఇచ్చిన పేరు మంత్రసానులు. కామసాని బిరుదులోని ఆ చివరి రెండక్షరములు, వీధిలో అవమానము పొందిన ఆ రెండక్షరములు, దేవునికి భయపడిన ఇద్దరు పనివారి పేరున వాక్యములో నిలిచియున్నవి. పని చేసిన చేతిని విడువనంతవరకు మాట తన గౌరవమును కోల్పోలేదు. ‘అమ్మగారు’ విషయములో కూడా మనము కాపాడవలసినది ఆ బంధమునే.